పడుగు గంజిలో ఉప్పు

గద్వాలలో మా పాత ఇంటి పక్క పోర్షన్‌లో ఉండే అక్క పోయి ఇరవై రోజులైంది. నేను పదో తరగతి దాకా చదివాను గానీ, ఉత్తరాలు తప్ప ఇంకేమీ రాసిన దాన్ని కాదు. ఆమెకు సంబంధించిన ఒక మాట ముప్పై ఏళ్లుగా నా దగ్గరే ఉండిపోయింది. ఆమె ఉండగా చెప్పలేదు. పోయాక ఆమె వాళ్లకు చెప్పాలనే వెళ్లి, చెప్పకుండానే తిరిగి వచ్చాను. అందుకే ఇన్నేళ్లకు కలం పట్టాను.

ఫోన్ వచ్చినప్పుడు వనపర్తిలో మా వంటింట్లో జొన్నపిండి కలుపుతున్నాను. చేతులకు పిండి ఉందని చిటికెన వేలితో నొక్కాను. అక్క కొడుకు.

"చిన్నమ్మా, అమ్మ పోయింది. పొద్దుగాల పొయ్యి ముట్టిచ్చింది. జర ఆయాసమైతుందని గోడకు ఆనుకుంది. దవాఖానకు తీస్కపోదామని ఆటో పిలిచేలోపే..."

రామ రామ అనుకున్నాను. తర్వాత ఏమడగాలో తోచక, "బొరుగులు నానబోసిందా?" అని అడిగాను. ఎంత పిచ్చి ప్రశ్నో అడిగాక తెలిసింది. వాడు మాత్రం ఓపికగా, "లేదు చిన్నమ్మా, ఇంకా పోయలేదు" అన్నాడు.

అక్క నాకు రక్తసంబంధం కాదు. మాది ఉప్పునుంతల దగ్గర సేద్యం ఇల్లు. మా ఆయన గద్వాల మార్కెట్ యార్డులో గుమాస్తా. పెళ్లయిన కొత్తలో నేతవాళ్ల వీధిలో అక్క వాళ్లింట్లోనే ఒక పోర్షన్ అద్దెకు తీసుకున్నాం. రెండు పోర్షన్లకూ ఒకటే వాకిలి. అక్క వాళ్ల వైపు రెండు మగ్గాలు, అత్త, మొగుడు, మరిది, తోటికోడలు. అక్క మొగుణ్ణి నేను బావా అనే పిలిచేదాన్ని.

మా పుట్టింట్లో పొద్దున్నే పెద్ద కుండలో గంజి అరుగు మీద ఉండేది. చేనుకు పోయేవాళ్లు ఎవరైనా ముంచుకొని తాగేవాళ్లు. దాంట్లో ఉప్పు, మజ్జిగ కలపడం ఆడపిల్లల పని. గద్వాలకు వచ్చిన మొదటి నెలలో ఒకరోజు తెల్లవారుతూనే వాకిట్లో అట్లాంటి కుండే కనిపించింది. మూత తీస్తే పులిసిన వాసన. అక్క మర్చిపోయిందేమో, మనం ఒక చేయి వేస్తే పుణ్యం కదా అనుకొని గుప్పెడు ఉప్పు వేసి, చెంబుడు మజ్జిగ పోసి కలిపాను. ఇంకా స్నానం, పూజ కాలేదు కాబట్టి రుచి చూడలేదు.

అది తాగే గంజి కాదు. పడుగుకు పెట్టే గంజి. చీర నేసే ముందు నిలువు దారాలను వీధి పొడుగునా బారుగా చాపి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెడతారు. అప్పుడే దారం గట్టిపడి మగ్గం మీద తెగకుండా నిలుస్తుంది. ఉప్పు పడితే తేమ పట్టుకొని దారం ఆరదు. ఆ రోజు మబ్బు కూడా పట్టింది. మధ్యాహ్నానికి దారాలన్నీ ఒకదానికొకటి అంటుకుపోయాయి. మజ్జిగకు చీమలు బారులు కట్టాయి. బావ కుండలో వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు.

"ఉప్పేసిందెవరు దీన్ల?"

నేను మా తలుపు వెనక నిలబడి ఉన్నాను. అక్క నా వైపు ఒక్కసారి చూసింది. పొద్దున మజ్జిగ పోసిన చెంబు కడగకుండా ఇంకా మా గడప పక్కనే ఉంది.

"నేనే. నిద్రకండ్ల మీద తాగే గంజి అనుకున్న" అన్నది.

వాళ్ల అత్త తిట్టిన తిట్లు వీధంతా విన్నది. "నీ చేతికి ఇంక గంజి కుండ ఇయ్య" అన్నది. అన్నంత పనీ చేసింది. ఆ పని తోటికోడలికి పోయింది.

అక్క గంజి కాయడం తన తల్లి దగ్గర నేర్చుకుంది. ఆ వీధిలో ఆమె గంజికి పేరుండేదట. అది నాకు తర్వాత తెలిసింది. తోటికోడలు గంజి కలుపుతుంటే అక్క దూరంగా కూర్చొని, "పలుచగైతుంది" అని తనలో తాను అనుకోవడం చాలాసార్లు విన్నాను. అప్పుడు ఆమె కుడిచేయి ఒళ్లో గరిటె తిప్పినట్టు మెల్లగా తిరిగేది.

చేతికి పనిలేకపోయిందనేమో, ఆరు నెలల తర్వాత ముందరి అరుగు మీద పొయ్యి పెట్టి, నానిన బొరుగులు తాలింపు వేసే వగ్గాని, మిరపకాయ బజ్జి చేసి అమ్మడం మొదలుపెట్టింది. మగ్గం గుంటలో దిగేముందు వీధిలోని నేతగాళ్లు ఆమె బల్ల మీద కూర్చొని తినిపోయేవాళ్లు. వగ్గాని పసుపు అంటిన చేత్తో పడుగు ముట్టుకుంటారేమోనని, తిన్న ప్రతి ఒక్కడి చేతులూ తిప్పి చూసి పంపేది.

"చూపియ్. అటు తిప్పు. గోర్లల్ల పసుపున్నది, మల్ల కడుక్కో పో."

"నువ్వు అక్కవా, పోలీసువా?"

"పట్టంచు మీద మరక పడితే తెలుస్తది నీకు, నేనెవరో."

నాకు వంట నేర్పింది ఆమే. దేవుడికి పెట్టేదాకా నేను రుచి చూడను కాబట్టి నా కూరల్లో ఉప్పు ఎప్పుడూ తప్పేది. "నాలుక వద్దంటే ముక్కుతో చూడు చెల్లే. ఉప్పు సరిపోయిన పులుసు వాసనే వేరుంటది" అనేది. వగ్గాని చేసేటప్పుడు బొరుగులను నీళ్లలో ముంచి, చేత్తో గట్టిగా పిండి, నానిందో లేదో ఒక గింజను కంటి దగ్గరికి తెచ్చుకొని చూసేది. "బొరుగుల్లనే ఉప్పుంటది. అది తెల్వక అందరు మల్ల ఏస్తరు. తక్కువైతే అడుగుతరు, ఎక్కువైతే తిడతరు. అడిగించుకునుడే మేలు." ఆ మాట చెప్పి నన్ను చూసి నవ్వేది. మా ఇద్దరికే తెలిసిన నవ్వు అది.

ఒకసారి ఇద్దరం జోగులాంబ అమ్మవారి దర్శనానికి పోయి వస్తూ బస్టాండులో దిగాం. నాకు ఒక్కపొద్దు అప్పుడే తీరింది. అక్క బజ్జీలు కొని ఒకటి కొరికి, బండి అతనితో, "తమ్మీ, పిండిల వాము మర్చిపోయినవు" అన్నది.

"ఏందమ్మా, తిననీకి వచ్చినవా, పరీక్ష పెట్టనీకి వచ్చినవా?"

"రెండిటికి. ఇంకో నాలుగియ్యి."

నేను సిగ్గుతో కొంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. బస్టాండులో నిలబడి తినడం నాకు అదే మొదటిసారి. నూనె కారుతున్న ఆ కాగితం వేడి నా అరచేతికి ఇప్పటికీ గుర్తుంది.

ఉప్పు సంగతి బావ ముప్పై ఏళ్లూ వదల్లేదు. పండుగైనా, చుట్టాలొచ్చినా, "ఉప్పు డబ్బా ఆమెకియ్యకుండ్రి, పడుగుల ఏస్తది" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. అక్కా నవ్వేది. నేను తల దించుకునేదాన్ని. మొదట ఇల్లు ఖాళీ చేయమంటారని భయం. తర్వాత ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదంటే ఏమనాలని సిగ్గు. వనపర్తికి మారే ముందురోజు ధైర్యం చేసి, "అక్కా, ఇప్పుడన్నా బావకు చెప్త" అన్నాను.

"ఇప్పుడెందుకే? ఆయన నన్ను అననీకి అదొక్కటే దొరికింది. అది గూడ గుంజుకుంటవా?"

నన్ను ఊరడించడానికే అన్నదనుకున్నాను.

పిట్టకు పెట్టే రోజు, ఆమెకిష్టమైనవి వండి కాకికి పెట్టాలి కదా, అక్క కొడుకు వగ్గాని నన్నే చేయమన్నాడు. ఆమె పొయ్యి మీదే చేశాను. రుచి చూడకూడదు. ఒక బొరుగు గింజ కంటి దగ్గరికి తెచ్చుకున్నాను. కళ్లలో నీళ్లకు అది సరిగ్గా కనిపించలేదు.

విస్తరి గోడ మీద పెట్టి అందరం వెనక్కి వచ్చి నిలబడ్డాం. కాకి రాలేదు. గోడ వైపు చూస్తూనే బావ మొదలుపెట్టాడు.

"మా ఇంటికి వచ్చినకాడికెల్లి ఒక్కటే తప్పు చేసింది. పడుగు గంజిల ఉప్పేసింది. మా అమ్మ గన్ని తిట్లు తిడితే గట్లనే నిలబడ్డది, కిక్కురుమనలే."

ఇదే సమయం అనుకున్నాను. ముందుకు జరిగి, "బావా" అన్నాను.

"ఏందమ్మా?"

ఆయన ముఖం నవ్వుతూ ఉంది. నీళ్లు మాత్రం గడ్డం దాకా కారుతున్నాయి. నా మాట రాకముందే ఆయనే, "ఇగ గా మాట ఎవరిని అనాలె?" అన్నాడు.

"ఏంలే బావా. గిన్నె ఎక్కడ పెట్టాల్నో అడుగుదామని" అన్నాను.

అప్పుడే కాకి వాలి, బజ్జీని వదిలి వగ్గానిలో ముక్కు పెట్టింది. "సరిపోయిందమ్మా, ఉప్పు సరిపోయింది" అన్నాడు బావ.

మర్నాడు తెల్లవారుజామున బస్సుకు బయలుదేరితే వీధిలో ఎవరిదో పడుగు చాపి ఉంది. పులిసిన గంజి వాసన. నా రెండు చేతులూ వెనక్కి కట్టుకొని గోడ వారగా నడిచాను. పడుగు పక్కన అట్లా నడవాలని నేర్పింది అక్కే. ఆమె అరుగు దాటేటప్పుడు, చేతులు చూపియ్ అంటుందేమోనని ఒక్క క్షణం ఆగాను.

మొన్న అక్క కొడుకు ఫోన్ చేశాడు. సంగతి తెలియక కొందరు ఇంకా పొద్దున్నే వగ్గాని కోసం వస్తున్నారట. బావ వాళ్లను ఊరికే పంపడం లేదట. చల్లారిన పొయ్యి పక్కన, అదే బల్ల మీద కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, తన భార్య పడుగు గంజిలో ఉప్పు వేసిన సంగతి చెబుతున్నాడట.

ఈ కాగితాలను మా దేవుడి పటాల వెనక పెడుతున్నాను. నా తర్వాత ఎవరి చేతికి దొరికినా చదవండి, మడిచి మళ్లీ అక్కడే పెట్టండి. పారేయవద్దు. గద్వాలకు మాత్రం తీసుకుపోవద్దు.