ఇరవై లింకుల దారి

మా చైన్‌మన్ గారి పాడె మొన్న పొలం గట్టు వెంట, బురదలో పడుతూ లేస్తూ వెళ్లిందంటే కారణం మీరే. కోటవురట్ల రోడ్డు పక్కన కొత్త లేఅవుటులో ప్లాట్లు కొన్న మిమ్మల్నే అంటున్నాను. కొనేముందు ఈశాన్యం పెరిగిందో లేదో చూసుకున్నారు. బోరు నీళ్లు నాలిక మీద వేసుకుని రుచి చూశారు. మీ ప్రహరీ అడ్డంగా కోసేసిన దారి ఎవరిదని ఒక్కరైనా అడిగారా? అది వెనక వీధి వాళ్లు శ్మశానానికి వెళ్లే దారి.

ఆదివారం పొద్దున్న ఆయన కూతురు ఫోన్ చేసి, నాన్న పోయాడని చెప్పింది. ఆ మధ్యాహ్నం గట్టు మీద చోటు చాలక మోసేవాళ్లు మడిలోకి దిగి నడిచారు. తండ్రి పక్కన నడవాల్సిన పిల్ల అందరికన్నా వెనక, చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చింది.

ఉద్యోగమంతా సర్వేయర్ల వెనక భూమి కొలిచే గొలుసు పట్టుకుని తిరిగిన మనిషి ఆయన. గొలుసుకి వంద లింకులు, ఒక్కో లింకు జానెడు కంటే కాస్త తక్కువ. తర్వాత టేపు వచ్చింది, మెషీను వచ్చింది. ఆయన మాత్రం పెళ్లి పందిరి కొలత కూడా లింకుల్లోనే చెప్పేవారు. జేబులో ఎప్పుడూ సుద్దముక్క ఉండేది. టీ కొట్టు బల్ల మీద వీధులు గీసేవారు. నా బల్ల మీద ఊరంతా పరిసేసేవు, గ్లాసెక్కడ పెట్టమంటావని కొట్టావిడ తిట్టుకుంటూ తుడిచేది. మా స్నేహం ఆ బల్ల దగ్గరే.

నలభై దగ్గరపడ్డాక ఉద్యోగం మానేసి, టౌన్ ప్లానింగ్ చదవడానికి ఇంగ్లండు వెళ్లాను. ఊళ్లో గొడవపడి గెలవాలంటే పటం చదవడం రావాలని నా పట్టుదల. మొదటి వారమే ప్రొఫెసరు గారు ఎవరి ఊరిని వాళ్లు గుర్తున్నంత వరకు గీసి తెమ్మన్నారు. గర్వంగా గీశాను. బస్ కాంప్లెక్సు, మెయిన్ రోడ్డు, మార్కెట్టు, ఏజెన్సీ కొండల నుంచి చింతపండు దిగే చోటు. ఆవిడ చాలాసేపు చూసి, ఈ ఊళ్లో చనిపోయినవాళ్లు ఏ దారిన వెళ్తారని అడిగారు.

మా వాళ్లు వెళ్లే దారి చెప్పగలిగాను. వెనక వీధి వాళ్ల దారి తెలియదు. అసలు ఆ వీధే నా బొమ్మలో లేదు. సమానత్వం మీద మైకు విరిగేలా మాట్లాడిన నేను ఆ వీధిలో ఒక్కసారీ నడవలేదు. అక్కడే ఉన్న చైన్‌మన్ గారింట్లో ఒక్కసారీ కూర్చోలేదు.

మర్నాడు ఆయనకు ఫోన్ చేసి ఒప్పుకున్నాను. తిడతారనుకున్నాను. నవ్వారు.

"మా ఈది నేకుండా ఊరు గీసేవా అమ్మా? అయితే అది ఊరు కాదు. పెళ్లి కార్డు ఎనకాల ఏసే రూటు మేపు."

అక్కడ నాకు తెల్లవారేసరికి ఇక్కడ ఆయన నెత్తి మీద ఎండ. ఫోన్ స్పీకరులో పెట్టి జేబులో వేసుకుని, ఆయన వీధి వీధీ నడుస్తూ చెప్పారు. నేను హాస్టల్ గదిలో స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని గీశాను. ఒకచోట ఆగి, ఊపిరి తీసుకుని, ఇక్కణ్నుంచి శ్మశానం దారి, ఇరవై లింకులు అన్నారు. అంటే పదమూడు అడుగులు. అంత వెడల్పు ఎందుకని అడిగాను. అప్పటికి నేను చదివిన పుస్తకాల్లో రోడ్లన్నీ కార్ల కొలతలే.

"పాడె పట్టాల. దాని పక్కనే ఏడుసుకుంటా ఒక మనిసి నడవాల. ఎదురొచ్చే సైకిలోడు దిగి నిలబడ్డానికి సోటుండాల. మరేటనుకున్నావు?"

నా రెండో పటంలో ఆ దారి మీద వేలు పెట్టి, ఈ కొలత ఏ పుస్తకంలోదని ప్రొఫెసరు గారు అడిగారు. పుస్తకం కాదు, మనిషి అన్నాను. ఆ ఏడాది చదువులో అంతకు మించి నేర్చుకున్నది లేదు.

నేను తిరిగొచ్చిన కొన్నేళ్లకు మీ గోడ లేచింది. ఆయన వెళ్లి దాని మీద సుద్దతో రెండు గీతలు గీసేవారు, దారికి ఈ అంచు, ఆ అంచు. మీ వాచ్‌మన్ కడిగేవాడు. ఆయన మళ్లీ గీసేవారు. మంచం పట్టాక ఒకరోజు నన్ను పిలిపించారు. ఆ ఇంట్లో నేను కూర్చోవడం అప్పటికి అలవాటైంది.

"నాను ఆ దారినే ఎల్తాను. బేగి తెరిపించమ్మా" అన్నారు.

మాటిచ్చాను, నిలబెట్టుకోలేకపోయాను. ఆలస్యం నాది, గోడ మీది. దారి తెరుచుకోదేమోనన్న అనుమానం మాత్రం నాకు లేదు. సర్వే పటంలో దారి ఉంది. నా పటంలో ఉంది. నిన్న ఆయన కూతురు వెళ్లి గోడ మీద మళ్లీ రెండు గీతలు గీసింది.

కాబట్టి మీరు చేయాల్సినవి చెబుతున్నాను.

మీ ప్లాటు కాగితాన్ని సర్వే పటం పక్కన పెట్టి, మీ కళ్లతో మీరే చూడండి.

దారి తెరిపించమని మేం రాసిన అర్జీ మీద ఆ కూతురి సంతకం ఉంది. దాని కింద మీరందరూ సంతకం పెట్టండి.

ఆ గీతలు కడగడం మానండి.

రెండు గీతల మధ్య ఉన్న గోడ పడగొట్టండి.

పడగొట్టాక కొలవండి. పాడె పట్టాలి. పక్కన ఏడుస్తూ నడిచే మనిషి పట్టాలి. ఎదురొచ్చే సైకిలు ఆగడానికి చోటుండాలి.