రిజిస్టర్డ్ పోస్టులో నా కోపం

ఫిల్మ్‌నగర్‌లో ఒక సీనియర్ లాయరుగారి దగ్గర నేను జూనియర్‌ని. అన్నీ సినిమా వాళ్ల తగాదాలే. టైటిల్ నాదంటే నాదని ఇద్దరు నిర్మాతలు కొట్టుకుంటే, మధ్యలో నా భోజనం గోవిందా. డబ్బా మూత తీసేసరికి నాలుగయ్యేది.

మా మొహాలు చూసి సీనియర్‌గారికి ఏం జాలేసిందో, ఒత్తిడి తగ్గించే చిట్కాలు చెప్పే ఒకాయన్ని పిలిపించారు. ఆయన కళ్లు మూసుకుని గాలి పీల్చమన్నాడు. నేను హాయిగా కునుకు తీశాను. చివరి చిట్కా మాత్రం తెగ నచ్చింది. ఎవరి మీద కోపమొస్తే వాళ్లకి ఉత్తరం రాసి, తనివితీరా తిట్టి, చించి పారెయ్యాలట.

ఆ సాయంత్రమే కూర్చున్నాను. అలవాటైన చెయ్యి కదా, ఉత్తరం కాస్తా లీగల్ నోటీసై కూర్చుంది. పైన సీనియర్‌గారి ఇంటి చిరునామా, పేరాలకి నంబర్లు, "పదిహేను రోజుల్లోగా జవాబివ్వని యెడల" అంటూ బెదిరింపు. ఒకటి: మీరు ఊరికే అరుస్తారు. రెండు: మీ జోకులకి నవ్వలేక చస్తున్నాను. మూడు: నన్ను వేళకి అన్నం తిననివ్వరు. కింద సంతకం కూడా గీకాను. ప్రాణం ఎంత తేలికపడిందంటే, చించడం మర్చిపోయి ఇంటికెళ్లిపోయాను.

మర్నాడు బల్ల మీద కాగితం లేదు. సంతకమున్న నోటీసు కనబడితే కవర్లో పెట్టి పంపేయడం మా పెద్ద గుమాస్తాగారి పని. ఆయన్నే అడిగాను.

"గదా? పొద్దుగాల్నే రిజిస్టర్ పోస్ట్ జేసిన. రసీదు ఫైల్ల వెట్టిన. ఫికర్ జెయ్యకుండ్రి."

"అయ్యో, అది మన సార్ ఇంటి అడ్రసండీ!"

"సూసిన. మన సార్‌కే మనం నోటీసిచ్చుడేందని అనుకున్న. సినిమా ఓళ్ల కేసులల్ల గింతకన్న ఇచ్చంత్రాలు సూడలేదా?"

నా ఉద్యోగం ఊడినట్టే. పెళ్లయి ఆర్నెల్లు కాలేదు, ఇంట్లో ఏం చెప్పను? భయంతో మూడు రోజులు ముద్ద దిగలేదు. సీనియర్‌గారు చూస్తే ఏమీ ఎరగనట్టే తిరుగుతున్నారు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆఫీసుకి నా పేరున రిజిస్టర్డ్ కవరొచ్చింది. గబగబా విప్పాను. సీనియర్‌గారి జవాబు నోటీసు!

"పేరా ఒకటి: పచ్చి అబద్ధం, ఖండిస్తున్నాను. పేరా రెండు: జోకులు బాగానే ఉంటాయి, కాదని రుజువు చేసే భారం ఎదుటి పక్షానిదే. పేరా మూడు: ఒప్పుకుంటున్నాను."

తలెత్తితే గుమ్మంలో ఆయనే, చేతిలో క్యారియర్‌తో.

"ఒంటిగంటయిందయ్యా! డబ్బా పట్టుకుని రా!" అని వీధి చివరిదాకా వినబడేలా అరిచారు.