అన్న పేరు మీద వచ్చిన చెక్కు

నాన్న పోయాక నాలుగెకరాలు మేమిద్దరన్నదమ్ములం చెరి సగం చేసుకున్నాం. నోటిమాటగానే. పట్టాదారు పాసుపుస్తకం మాత్రం అన్న పేరు మీదే ఉండిపోయింది. ఊళ్లోకి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి.

ఆ ఏడు పత్తి పగిలే వేళకి ముసురు పట్టి వారం రోజులు వదల్లేదు. వాగు పక్కన ఉన్న నా రెండెకరాల్లో కాయ చెట్టు మీదే కుళ్లింది. మెరకన ఉన్న అన్న మిరపకి ఏమీ కాలేదు. ప్రభుత్వం నష్టపరిహారం ఇస్తానంది. రెవెన్యూవాళ్లు వచ్చి నా చేనే చూశారు, పాసుపుస్తకంలో ఉన్న పేరే రాసుకున్నారు. మిరప కోతల నాటికి చెక్కు వచ్చింది, అన్న పేరు మీద.

ఆ సంగతి తెలిసి తిన్నగా కల్లానికి వెళ్లాను. అన్న కాయలు తిరగేయిస్తున్నాడు. ఏడెనిమిది మంది ఆడకూలీలు తాలుకాయలు ఏరుతున్నారు. వదినా అక్కడే ఉంది.

"అన్నా, చెక్కు వచ్చిందంటగా?"

"వచ్చింది. అయితే ఏంట్రా?"

"అది నా చేనుకొచ్చింది."

"నీ చేనా? పుస్తకంలో నీ పేరేదిరా? నాన్న మంచాన పడితే రెండేళ్లు ఆస్పత్రుల చుట్టూ తిరిగిందెవడు? నువ్వా?"

"నాన్న పేరెత్తి నా కూడు తింటావా?" అన్నాను.

చెంప మీద కొట్టాడు. కూలీల చేతులు ఆగిపోయాయి. కాయల కింద పరిచిన పట్టా అంచుకి మట్టెయ్యడానికి తెచ్చిన పార పక్కనే ఉంది. దాన్ని తిరగేసి పట్టుకుని కర్రతో భుజం మీద కొట్టాను. తూలి కాయల్లో పడ్డాడు. అప్పుడైనా ఆగొచ్చు. ఆగలేదు. తల మీదికి ఎత్తాను. కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. మణికట్టు దగ్గర ఎండుకంప విరిగినట్టు చప్పుడైంది. ఆ చెయ్యి లేకపోతే తలే పగిలేది. నేను కొట్టింది తలనే.

వదిన అరుచుకుంటూ వచ్చి నా జుట్టు పట్టుకుంది. గంటలోపు ఆవిడ అన్నదమ్ములిద్దరూ మోటారు సైకిల్ మీద దిగారు. నన్ను ఇంట్లోంచి ఈడ్చి బజార్లో పడేసి తొక్కారు. రెండు పళ్లు ఊడాయి, పక్కటెముక విరిగింది. ఎవరో ట్రాక్టరు తెస్తే అన్ననీ నన్నూ ఒకే ట్రక్కులో వేసి సత్తెనపల్లి తీసుకెళ్లారు. దారంతా గతుకులు. కుదిపినప్పుడల్లా అన్న మూలుగుతున్నాడు, నేనూ మూలుగుతున్నాను. ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

ఆస్పత్రికి కానిస్టేబుల్ వచ్చి, "ఎవరు కొట్టారయ్యా?" అని అన్నని అడిగాడు.

"ఎవరూ కొట్టలేదండి. మిరప బస్తాలు దొర్లి మీద పడ్డయ్యి."

"మరి ఇతనికి?"

"వాడి మీదా పడ్డయ్యి."

కానిస్టేబుల్ నా వైపు తిరిగాడు. నోట్లో నెత్తురు మింగి తలూపాను.

కట్టు విప్పేసరికి అన్న చెయ్యి వంకరగా అతికి ఉంది. చెక్కు ఖాతాలో వేసి డబ్బు తియ్యబోతే, సంతకం కలవడం లేదని బ్యాంకువాళ్లు తిప్పి పంపారు. కొత్త సంతకం పెట్టాలంటే అదే బ్యాంకులో ఖాతా ఉన్న మనిషి సాక్ష్యం కావాలన్నారు. అన్న నాకు కబురు పెట్టాడు. వెళ్లాను. ఆయన ఎడంచేత్తో పసిపిల్లాడిలా ఒక్కో అక్షరం దిద్దుతుంటే పక్కన నిలబడ్డాను. కాగితం జరగకుండా అంచు పట్టుకున్నాను. కింద నా సంతకం పెట్టాను.

డబ్బు చేతికొచ్చిన రోజు మొత్తం తెచ్చి మా అరుగు మీద పెట్టి, "నీ రెండెకరాలు నీ పేరున రాయిస్తా, ఎమ్మార్వో ఆఫీసుకి రా" అన్నాడు. చెయ్యి ఎలా ఉందని అడగబోయాను. అప్పటికే వీధిలోకి వెళ్లిపోయాడు.

అన్నట్టే రాయించాడు. ఆ చేత్తో మళ్లీ పార పట్టలేకపోయాడు, మెరక చేను కౌలుకిచ్చేశాడు. ఇప్పటికీ వాళ్లింటికి వెళ్తే రమ్మంటాడు, కూర్చోమంటాడు. వదిన మాత్రం నన్ను చూడగానే లేచి లోపలికి వెళ్లి తలుపేసుకుంటుంది.