సన్నాయి విన్న ఆవకాయ

నా చిన్నప్పుడు గురజాలలో కాసిన ఎండల గురించి చెబితే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. మిట్టమధ్యాహ్నం కాకులు మా చూరు కిందికొచ్చి, కుండ మూత తీసుకుని మజ్జిగ తాగి, మళ్ళీ మూత పెట్టి పోయేవి. సరే, మజ్జిగ సంగతి నేను కల్పించిందే. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం కల్పించింది నేను కాదు, మా నాయనమ్మ.

అవి యుద్ధం రోజులు. బియ్యానికి కంట్రోలు, కిరసనాయిలుకు కరువు. పైగా ఆ వేసవికి మూఢం వచ్చిపడింది. మూఢంలో పెళ్ళిళ్ళుండవు, పెళ్ళిళ్ళు లేకపోతే మేళానికి పిలుపుండదు. మా వీధి చివర సన్నాయి ఊదే పెద్దాయన ఉండేవాడు. పిల్లలమంతా మేళం తాత అనేవాళ్ళం. ఆయన కొడుకు డోలు వాయించేవాడు. వాళ్ళింట్లో రోజూ పొయ్యి వెలగడం లేదని వీధికంతా తెలుసు. కానీ ఎవరైనా చేటలో జొన్నలు తీసుకెళ్తే, "ఊదకుండా తింటే నాకు గొంతు దిగదమ్మా" అని మర్యాదగా వెనక్కి పంపేవాడు.

ఒకరోజు ఆయన సన్నాయిని పాత పంచెలో చుట్టి దూలానికి కట్టేశాడనీ, పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో పనికి పోబోతున్నాడనీ తెలిసింది. ఆ మాట విని నాయనమ్మ చేతిలోని చేట కింద పెట్టేసింది. బట్టీ దగ్గు ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. మా తాతయ్యను తీసుకెళ్ళింది ఆ దగ్గే. సున్నం దుమ్ము పీల్చిన ఊపిరితో మళ్ళీ సన్నాయి ఊదడం అయ్యే పని కాదు.

ఆ సాయంత్రం వీధి ఆడవాళ్ళంతా ఆవకాయ కోసం మిరపకాయలకు తొడిమలు తీస్తూ కూర్చున్నారు. నాయనమ్మ వాళ్ళ మధ్య చేరి, ఏమీ ఎరగనట్టు మొదలుపెట్టింది. తన పుట్టిల్లు బొల్లాపల్లి వైపు. అక్కడ ఆవకాయకు కారం దంచేటప్పుడు సన్నాయి ఊదిస్తారట. సన్నాయి విన్న ఆవకాయకు ఎన్ని వానలు పడ్డా బూజు రాదట. ఊదినవాళ్ళకు ఆ ఇంటివాళ్ళు జొన్నలు పెట్టకపోతే మాత్రం జాడీ అలుగుతుందట. చెబుతున్నప్పుడు ఆమె ముఖం చూస్తే దేవుడైనా నమ్మేవాడు. వాళ్ళు నిజంగా నమ్మారో, నమ్మినట్టు ఉండటమే మేలనుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు.

పురోహితుడు పంతులుగారు ఒక్కరే అడ్డం వచ్చారు. మూఢంలో మంగళవాద్యం ఏమిటన్నారు.

"మూఢం పెళ్ళికి గానీ పచ్చడికి ఏందయ్యా?" అంది నాయనమ్మ.

మర్నాడు అందరికంటే ముందు రోలు కడిగింది పంతులుగారి భార్యే.

మేళం తాతను పిలవడానికి నాయనమ్మ వెంట నేనూ వెళ్ళాను. అప్పటికే మూట కట్టుకుని గడపలో నిలబడి ఉన్నాడు.

"అక్కా, నేనీ ఊళ్ళోనే పుట్టి పెరిగా. ఇట్టాంటిది ఎప్పుడూ వినలా" అన్నాడు.

"నువ్వెప్పుడన్నా ఆవకాయ పెట్టావా? లేదుగా. మరి నీకేం తెలుసు? దించు ఆ సన్నాయి."

 ఆయన మూట కింద పెట్టి దూలం వైపు చెయ్యెత్తాడు.

మొదటిరోజు పెద్ద పొరపాటే జరిగింది. పొద్దు వాలాక రోళ్ళన్నీ వీధి మధ్యకు దొర్లించి, గౌరవం కొద్దీ మేళం తాతను వాటి నడుమ కూర్చోబెట్టారు. రోకళ్ళు లేచాయి, కారం లేచింది, సన్నాయి తుమ్మింది. అవును, ఆయన తుమ్మితే సన్నాయిలోంచి వచ్చిన ఆ తుమ్ము కృష్ణ దాటి అవతలి ఒడ్డున వినబడింది. వీధంతా కళ్ళు తుడుచుకుంటూ ఒకటే నవ్వు. అప్పుడు మా పక్కింటి దర్జీ సాయిబు మామయ్య లేచి, "ఏందమ్మా, సున్నం తప్పించి కారంతో చంపుతారా ఆయన్ని?" అంటూ, గాలి వచ్చే వైపునున్న తన కొట్టు అరుగు మీద చాప పరిచాడు.

ఇక అక్కణ్ణుంచి చూడాలి! డోలు దెబ్బకు రోకళ్ళన్నీ ఒక్కసారిగా పడటం, దంపుడు చాలించినవాళ్ళు గిన్నె మీద తాళం వేయడం, సాయిబు మామయ్య తన హార్మోనియం తెచ్చి సన్నాయి వెంట పరుగెత్తడం. మేళం తాత బుగ్గలు పొంగిస్తూ ఊదుతుంటే ఆయన కళ్ళ నీళ్ళు కారానివో కావో ఎవరూ అడగలేదు. మూఢం పోయేదాకా రోజుకో ఇంటి ఆవకాయ, రోజుకో ఇంటి జొన్నలు. ఆయన తల దించుకోకుండా చేట అందుకునేవాడు.

ఆ వానాకాలం మా జాడీకే బూజు పట్టింది. నాయనమ్మ అందరూ పొలాలకు పోయిన వేళ పెరట్లో గొయ్యి తీసి దాన్ని పూడ్చేస్తుంటే నేను చూశాను.

"సన్నాయి విందిగా నాయనమ్మా?" అని గట్టిగా అడిగాను.

ఆమె మట్టి చేత్తోనే నా నోరు మూసింది. "ఒసేయ్, జాడీ పోతే వచ్చే ఏడు పెట్టుకుంటాం. ఊపిరి పోతే ఏడ తెస్తామే?"

ఆ ఏడాది మా ఇంట్లో మజ్జిగన్నంలోకి ఉప్పు, పచ్చిమిరపకాయే. వీధిలో ఎవరైనా అడిగితే, "మా ఆవకాయ చానా బాగుంది" అని లొట్టలు వేసి చెప్పింది నేనే. నా జీవితంలో నేను కోసిన మొదటి కోత అదే. ఆ తర్వాత కోసినవాటికి లెక్కలేదు గానీ, అంత రుచిగా మరొకటి కుదరలేదు.

మరుసటి వేసవికి మూఢం లేదు. అయినా పొద్దు వాలేసరికి రోళ్ళు వాటంతటవే వీధిలోకి వచ్చాయి. పిడుగురాళ్ల బట్టీల నుంచి డప్పులవాళ్ళు వచ్చారు, పక్క వీధి భజన వాళ్ళు వచ్చారు. టికెట్టు లేదు, పందిరి లేదు. మంచం ఉన్నవాడు మంచం, లేనివాడు గోనెపట్టా తెచ్చుకుని వినేవాడు. ఊరంతా దాన్ని ఆవకాయ మేళం అనేది.

ఇప్పుడు కారం మిల్లులో ఆడించుకొస్తున్నాం. మేళం తాతా లేడు, నాయనమ్మా లేదు. అయినా కొత్త కోడళ్ళు వచ్చి ఆవకాయ నిలవ ఉండాలంటే ఏం చెయ్యాలని అడిగితే, ఉప్పు పాళ్ళు, నూనె పాళ్ళు చెప్పి, చివర్న ముఖం నిబ్బరంగా పెట్టి అంటాను: "ఇవన్నీ సరే గానీ అమ్మాయ్, దానికి సన్నాయి వినిపించారా?"