పాలు పోసిన కారు

హుస్సేనీ ఆలంలో నేను అద్దెకున్న ఇంటి వెనక బర్రెల కొట్టం ఉండేది. ఇంటి యజమానురాలు పాడి మీదే బతికిన మనిషి. భర్త పోయాక బర్రెల అంగడికి తానే వెళ్లి బేరాలు చేసేది. ఒక్కడే కొడుకు. చాలా ఏళ్లు ఇతరుల టాక్సీలు నడిపి, ఎనభైల మొదట్లో సొంత టాక్సీకి పర్మిట్ సంపాదించాడు. కారు కోసం అంతకు చాలా ముందే పేరు రాయించుకున్నాడు. ఆ రోజుల్లో కారుకు పేరు రాయించడమంటే రాయించి మరిచిపోవడమే. చివరికి పర్మిట్ ముందు వచ్చింది, కారు వెనకొచ్చింది. ఆ నెలాఖరులోగా బండి రిజిస్టరు చేయించి చూపించకపోతే పర్మిట్ రద్దవుతుంది. నేను పత్రికలో పనిచేసేవాణ్ణి కాబట్టి ఇంగ్లీషు కాగితాలు చదివి చెప్పే పని నాకు పడింది.

కారు వచ్చిన పొద్దున, వాకిట్లో ఆగీ ఆగకముందే ఆమె అప్పుడే పితికిన పాలు చెంబుతో తెచ్చి చక్రాల మీద పోసింది. కారు ముందువైపు బంతిపూల దండ కట్టి, కొబ్బరికాయ కొట్టింది. ఆ తర్వాతే కొడుకు డిక్కీ తెరిచాడు. స్టెప్నీ టైరు ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. పైన సామాను పెట్టుకునే క్యారియర్ కూడా లేదు. టాక్సీకని ప్రత్యేకంగా అడిగి బిల్లులో రాయించుకున్న క్యారియర్ అది.

"ఇప్పుడే పోయి అడిగొస్త," అన్నాడు.

"ఏమని అడుగుతవ్‌రా? పాలు పోసినంక ఏమని అడుగుతవ్?" అంది తల్లి.

నా ముఖం చూసి ఆమే వివరించింది. అంగడిలో బర్రెను కొన్నాక, కొత్త కొట్టంలో మొదటిసారి పాలు పితికేదాకా ఏ లోపమైనా చెప్పవచ్చు. తన్నుతుందనవచ్చు, ఒక చన్ను మూసుకుపోయిందనవచ్చు. తోలుకుపోయి వాపసు ఇవ్వవచ్చు. మొదటి చెంబు నిండాక ఇక మాట లేదు. లోపంతో సహా అది ఇంటిది. కారును పితకడం కుదరదు కాబట్టి, పాలు పోయడం ఆమె లెక్కలో పితకడం కిందికి వచ్చింది. కొడుకు సణిగి ఊరుకున్నాడు.

వారం తర్వాత అతనూ నేనూ రిజిస్ట్రేషన్‌కు వెళ్లాం. ఇన్‌స్పెక్టరు బానెట్ తెరిపించి, ఛాసిస్ నంబరు మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దించాడు. కాగితం మీద తేలిన నంబరు, అమ్మకం పత్రంలోని నంబరు కలవలేదు.

"ఈ పత్రం ఇంకో బండిది," అని ఫైలు వెనక్కి తోశాడు.

షోరూం మూసీ అవతల ఉండేది. మేనేజరు మర్యాదగా కుర్చీలు వేయించాడు.

"తప్పు కంపెనీల అయింది. కాగితాలు దిద్దాలంటే అక్కడికి పంపాలె. రెండు నెలలన్నా పడ్తది."

"రెండు నెల్లా? ఈ నెలాఖరుకు నా పర్మిట్ పోతది సార్!"

"అందుకే ఇంకో తొవ్వ చెప్తున్న. నీ కాగితంల ఉన్న బండి పత్తర్‌గట్టి బట్టల సేటుకు పోయింది. ఆయన కాగితంల ఉన్నది నీ బండి. ఇద్దరు బండ్లు మార్సుకోండ్రి, ఖతం."

"మరి స్టెప్నీ? క్యారియర్?"

మేనేజరు నవ్వాడు. "పూజ చేసుకున్నరు, వారం తిప్పిన్రు. ఇప్పుడొచ్చి స్టెప్నీ లేదంటే నేనెట్ల నమ్మాలె భాయ్? ఆ రోజే అడగకపోతివా?"

ఎందుకు అడగలేదో చెబితే ఆయన ఇంకా గట్టిగా నవ్వేవాడు. కొడుకు ఫైలు తీసుకుని లేచాడు.

ఈ బండి ఇచ్చెయ్యాలని వినగానే ఇంట్లో లొల్లి మొదలైంది.

"పాలు పోసినదాన్ని వాపస్ తోలుతవా? మీ బాపు ఉన్నప్పటి సంది ఈ ఇంట్ల గట్ల జరగలే."

"గది బర్రె కాదే అమ్మా, కారు! దానికి చన్నుల్లేవ్, కొమ్ముల్లేవ్!"

"తన్నదు గద, మంచిదే. ఉండనీ."

"ఉంటది. వాకిట్లనే ఉంటది. పర్మిట్ పోయినంక దాంట్ల గడ్డి నింపుకో."

సాయంత్రం ఆమె రోజూ వచ్చే వాడికవాళ్లకు పాలు పోయడం అయ్యాక చేతులు కడుక్కుని వచ్చి, "ఆ బండి ఎట్లున్నదో ఒక్కసారి చూద్దాం పా. నువ్వు గూడ రా పేపర్ సారూ," అంది. చూస్తానంటే ఒప్పుకున్నట్టు కాదని కొడుకు నాతో మెల్లగా అన్నాడు. ముగ్గురం మా కారులోనే వెళ్లాం.

దుకాణం ముందు సేటు కారు ఉంది. దాని మీద కొత్త క్యారియర్ మెరుస్తోంది. విషయం ఆయనకు అప్పటికే ఫోనులో తెలిసింది. సలాములు అయ్యాయో లేదో క్యారియర్ వైపు చెయ్యి చూపించాడు.

"దేఖో భాయ్, ఏందిది? ఇంట్లవాళ్లను కూసోవెట్టుకొని పోతుంటే దోస్తులు నవ్వుతున్నరు. ‘క్యా సేట్, గుడ్డల మూటలేసుకొని ఏ అంగడికి పోతున్నవ్?’ అంటున్నరు. షోరూమోడేమో ‘ముఫ్త్‌ల వచ్చింది, ఉంచుకో’ అంటడు."

"మరి మార్సుకుందాం సేట్ సాబ్," అన్నాడు కొడుకు ఆశగా.

సేటు తల అడ్డంగా ఊపి కారు లోపలికి చూపించాడు. స్టీరింగ్‌కు నాణెం చుట్టిన ఆకుపచ్చ గుడ్డ కట్టి ఉంది. "మా అమ్మీ కట్టిన ఇమాం జామిన్ ఇది. సలామత్ ఉండాలెనని దువా చేసి కట్టింది. గట్లాంటి బండిని ఎట్ల ఇయ్యాలె? నాకు జల్దీ లేదు. కాగితాలు ఎప్పుడొస్తే అప్పుడే రానీ."

తల్లి ఈలోగా కారు చుట్టూ తిరుగుతోంది. టైర్లు నొక్కింది. తలుపులు తెరిచి మూసింది. డిక్కీ తెరిపించి స్టెప్నీని అరచేత్తో తట్టింది. అప్పుడు సేటును అడిగింది.

"మీ అమ్మ ఆ గుడ్డ బండికి కట్టిందా, నీకు కట్టిందా?"

సేటు ఆలోచించాడు. "నాకే. బండ్ల తిరిగేది నేనే గద."

"మరి ఇప్పుకో, నీ ఎంబడి తీస్కపో. అంగట్ల మేం బర్రెలు మార్సుకుంటం. వాపస్ ఇచ్చుడు వేరు, మార్సుకునుడు వేరు. మార్సుకుంటే ఎవ్వరి పగ్గం వాళ్లు ఇప్పుకుంటం. పగ్గం ఇంట్ల ఉంటే బర్కత్ ఇంట్లనే ఉంటది."

సేటు లోపలికి వెళ్లి ఇంటికి ఫోను చేసి వచ్చాడు. "అమ్మీ సరే అన్నది. ‘ఆమెతోని బేరానికి కూసోకు, దుకాణం పోతది’ అని గూడ అన్నది," అంటూ ఆకుపచ్చ గుడ్డ విప్పి జేబులో పెట్టుకున్నాడు. ఆమె మా కారు ముందున్న ఎండిన దండ విప్పి కొంగులో కట్టుకుంది. తాళంచెవులు మారాయి. అప్పుడు సేటుకు ఇంకోటి గుర్తొచ్చింది.

"అరే, మేరీ స్టెప్నీ?"

"దూడ తల్లి ఎంబడే పోతది సేటూ. నీ దూడ షోరూంల ఉన్నది. పా, నేను గూడ వస్త."

"పాలు పోసినంక అడగొద్దంటివి గదనే!" అన్నాడు కొడుకు.

"నేను అడగొద్దు. ఆయన ఇంకా పితకలే గద."

మర్నాడు షోరూంలో మేనేజరు మళ్లీ వారం సంగతి ఎత్తాడు. "ఈ బండి నా దగ్గరికి నిన్ననే వచ్చింది జనాబ్. మార్సుకోమన్నది మీరే," అన్నాడు సేటు. ఆమె పక్క కుర్చీలో కూర్చుని మేనేజరు ముఖమే చూస్తోంది. కాసేపటికి ఆయన మనిషిని పంపి, ఆవరణలో ఉన్న ఇంకో కొత్త కారు డిక్కీలోంచి స్టెప్నీ తీయించి ఇచ్చాడు. ఆ కారు ఎవరింటికి పోవాల్సిందో మాలో ఎవరూ అడగలేదు.

ఎండిన దండ దారం కొట్టంలో మేకుకు వేలాడింది. మార్చుకున్న బర్రెల పగ్గాలు కూడా అక్కడే ఉండేవి. క్యారియర్ ఉన్న కారు మాత్రం వాకిట్లో పాలబొట్టు కూడా పడకుండా నిలబడింది. నెల ముగియకముందే ఇన్‌స్పెక్టరు మళ్లీ పెన్సిల్‌తో రుద్దించాడు. ఈసారి నంబరు కలిసింది. పర్మిట్ నిలిచింది. ఇంటికొచ్చాక ముద్ర పడిన కాగితం ఆమెకు చదివి వినిపించాను. కొడుకుతో డిక్కీ తెరిపించి, స్టెప్నీ ఉందని ఇంకోసారి చూసుకుంది. అప్పుడు చెంబు తెచ్చింది.