సూక్ష్మజీవి వంశం అడగడానికి మదురై వెళ్లిన రోజు

ఈ ప్రయాణం రాసిపెట్టవలసిన అవసరం నా నోటి వల్ల వచ్చింది. కాలేజీ మెట్లెక్కకపోయినా తమిళనాట మా రాజపాళయం లైబ్రరీలో ముప్పై ఏళ్లుగా చదువుతున్నాను. చదివింది ఎవరికో ఒకరికి చెప్పకుండా ఉండలేను. క్షయ సూక్ష్మజీవుల్లోనూ వంశాలున్నాయనీ, మనుషులతో పాటే దేశాలు తిరిగాయనీ, దక్షిణాదిలో ఒక పాత వంశం, ఉత్తరాదిలో మరొకటి, చైనా వైపు ఇంకొకటి ఎక్కువగా కనబడతాయనీ చదివాను. ఆ అబ్బురంతో, క్షయకు మందు తింటున్న మా బావ రామరాజుకు అంతా చెప్పాను.

మా ఊళ్లో కొత్త మనిషి కనబడితే ముందు గోత్రం అడుగుతారు. బావ జబ్బుకూ అదే పద్ధతి పెట్టాడు.

"మన పెద్దోళ్లు ఆంధ్రా నుంచి వచ్చినారు. ఈ పురుగూ అక్కడిదే. దానికి ఇక్కడి మాత్ర ఎట్ల పని చేసేది? బెజవాడ మందు కావల్ల" అని మాత్రలు ఆపేశాడు.

మూడు వారాలకు దగ్గు తిరగబెట్టింది. ఇలా మధ్యలో ఆపితే జబ్బు మందుకు లొంగకుండా పోవచ్చు. మా ఊరి ఆసుపత్రికి రానన్నాడు. మదురైలో పెద్ద ల్యాబ్ ఉంది, పురుగు వంశం అక్కడ అడుగుదామంటే కదిలాడు.

ఉదయం ఆరుంబావుకు బస్సెక్కాం. బావ ముఖానికి మాస్కు కట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాడు. శ్రీవిల్లిపుత్తూరులో మంసాపురం రైతు లక్ష్మమ్మ వంకాయల గంపతో ఎక్కింది.

"ఏమయ్యా, ముఖం దాచుకున్నావు? పెండ్లికొడుకువా?"

"టీబీ అమ్మా. కొంచెం దూరం కూచో."

"మా ఆయనకూ వచ్చినది. ఆరు నెలలు విడవకుండా మింగినాడు. ఇప్పుడు పొద్దుకు పదిసార్లు నన్ను తిడతాడు, అంత బలం!"

బావ ఆమె గోత్రం అడగబోతే మోచేత్తో పొడిచాను.

తొమ్మిదికి మదురై. ఇడ్లీ తిని తొమ్మిదిన్నరకు ల్యాబ్ చేరాం. అక్కడ పనిచేసే సెల్వికి తమిళమే వచ్చు. ఆమె మాటలు తెలుగులో రాస్తున్నాను. కఫం డబ్బీ తీసుకుని, ఫలితానికి రెండు గంటలు పడుతుందంది.

"ఇది ఏ ఊరి పురుగు?" అన్నాడు బావ.

"ఈ మిషను ఊరు చెప్పదండీ. ముఖ్యమైన మందుకు చస్తుందో లేదో చెబుతుంది."

ఆమె విసుక్కోలేదు. గోడ మీది ప్రపంచపటం దగ్గరికి తీసుకెళ్లి, ఏ వంశం ఎటు పాకిందో వేలితో గీసి చూపింది. నేను పది పేజీల్లో చదివింది ఆ వేలు రెండు నిమిషాల్లో చెప్పింది.

"ఇవి వేల ఏళ్లుగా మనుషులతోనే ఉన్నాయి. కానీ ఒకే వీధిలో రెండు మూడు వంశాలు కలిసి ఉండొచ్చు. మీకిది పూర్వీకుల నుంచి రాలేదు. మీ కాలంలోనే ఎవరి దగ్గునో పీల్చారు. వంశం ఏదైనా ముందు ఇచ్చేది ఈ మాత్రలే. బెజవాడలోనూ ఇవే."

బావ పటాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత బెంచీ మీద కూర్చున్నాడు. ఆ రెండు గంటలు నాకు చదివిన అక్షరం ఒక్కటీ గుర్తు రాలేదు.

పన్నెండుకు ఫలితం వచ్చింది. ముఖ్యమైన మందు ఇంకా పనిచేస్తుంది. మిగతా మందుల పరీక్షకు కొన్ని వారాలు పడుతుందనీ, మాత్రలు ఈరోజే మొదలుపెట్టమనీ పక్క ఆసుపత్రి డాక్టరు చెప్పి, అవి చేతికిచ్చి పంపారు.

"రంగా, తప్పు సగం నీది, సగం నాది" అన్నాడు బావ, ఒంటిగంట బస్సెక్కుతూ. "ఇంక ఏమి చదివినా ముందు మీ అక్కకు చెప్పు. ఆమె సరి అంటే నాకు చెప్పు."

అరవై ఏళ్ల మనిషి ఒక్క పూటలో తన మాట తనే మార్చుకోవడం నేను పుస్తకాల బయట చూసింది తక్కువ.

ఈ వంశాల సంగతి ఉన్న పత్రిక వెతికి ఇచ్చిన లైబ్రరీ మురుగేశన్‌కు, ధైర్యం చెప్పిన లక్ష్మమ్మకు, ఓపిగ్గా వివరించిన సెల్వికి, ఇకపై రోజూ ఎదుట కూర్చుని మాత్రలు మింగిస్తానని ఫోనులో ఒప్పుకున్న అక్క సీతమ్మకు కృతజ్ఞతలు. రామరాజు బావకు మరీను. బస్సు తిరుమంగళం దాటుతుండగా మాత్రలు మింగి, నాకు నమ్మకం కుదరాలని నోరు తెరిచి నాలుక ఎత్తి చూపించాడు.