అక్క రక్తం రంగు

చింతాద్రిపేటలో ఒక చిన్న రక్తపరీక్షల ల్యాబులో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాను. కొత్తగా చేరిన పిల్లలు నన్ను చూసి జడుస్తారు. ఫలితం నచ్చకపోతే నమూనా మీదికి తప్పు నెట్టొద్దని వాళ్ల మీద అరుస్తాను. ట్యూబులో ఉన్నది ఎవరి రక్తమైనా మనకొకటే అంటాను. ఆ మాట అనే అర్హత నాకు లేదని వాళ్లకు తెలియదు.

మా అక్క తొండియార్‌పేటలో ఉండేది. ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. అమ్మ పోయాక ఆ కుట్టుమిషను మీదే నన్ను చదివించింది. తర్వాత తర్వాత అక్క కిడ్నీలు పాడయ్యాయి. పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికొచ్చిన వారానికి, పరీక్ష కోసం నేనే వెళ్లి రక్తం తీశాను. సూది గుచ్చబోతుంటే నా చెయ్యి పట్టుకుంది.

"ఏమొచ్చినా సరే పాపా, మళ్లా ఆడికి మాత్రం పంపొద్దు. నేను ఈడనే ఉంటా."

సరేనన్నాను.

మధ్యాహ్నం యంత్రంలో పెడితే పొటాషియం ఏడు దాటింది. అంత ఉంటే గుండె ఎప్పుడైనా ఆగిపోవచ్చు. వెంటనే డాక్టరుకు ఫోన్ చెయ్యాలి, అదే మా పని. ముక్కూ మొహం తెలియని వాళ్ల కోసం ఎన్నిసార్లు చేశానో! కానీ ఒక్కోసారి రక్తం తీసేటప్పుడు కణాలు చితికినా పొటాషియం ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. అప్పుడు ట్యూబులో పైన తేలే నీరు ఎర్రబారుతుంది. అలాంటప్పుడు నమూనా చెడిందని రాసి, మళ్లీ తీస్తాం.

ట్యూబును కిటికీ దగ్గరికి తీసుకెళ్లాను. నీరు లేత పసుపుగా, తేటగా ఉంది. అటూ ఇటూ తిప్పి చూశాను. కొంచెం ఎర్రగా ఉందేమో అనుకున్నాను. అలా అనుకోవాలని ఉంది నాకు. లేదంటే అక్కను మళ్లీ ఆసుపత్రికే పంపాలి. నమూనా చెడిందని రాసేశాను. అక్కకు ఫోన్ చేసి, రేపు పొద్దున మళ్లీ తీస్తానన్నాను. కాళ్లు కొంచెం బరువుగా ఉన్నాయంది.

మర్నాడు పొద్దున సూదులూ ట్యూబులూ సంచిలో సర్దుకుంటుంటే బావ ఫోన్ చేశాడు. అక్క మిషను ముందు కూర్చుని అలాగే ఒరిగిపోయిందట.

అక్క మీది ప్రేమ వల్లే అలా చేశానని చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. ప్రేమే, కాదనను. కానీ పరాయివాళ్లకు చెప్పే నిజం నా అక్క కోసం చెప్పలేకపోయాను.

కర్మలయ్యాక బావ నన్ను పక్కకు పిలిచాడు.

"నువ్వొచ్చి రక్తం తీసేదానికి ముందు రోజు మీ అక్కకు ఎళనీరు తెచ్చిచ్చినా పాపా. డాక్టరు వొద్దన్నాడు. నోరెండిపోతా ఉందని అడిగింది, మనసు ఒప్పక ఇచ్చేసినా. నువ్వు సైన్సు చదివినదానివి, నిజం చెప్పు. దాంతోనేనా?"

కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువే. దానివల్లా పెరిగి ఉండొచ్చు. కానీ పెరిగిందని తెలిసినదాన్ని నేను. అంతా చెబితే తప్పు నా దగ్గరికి వస్తుంది. "దానివల్ల కాదు బావా" అని మాత్రం అన్నాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకుని భోరున ఏడ్చాడు. ఆ చేతులు వెనక్కి లాక్కోవాలనిపించింది.

రెండేళ్లయింది. బావ నెలకోసారి షుగర్ పరీక్షకు రెండు బస్సులు మారి మా ల్యాబుకే వస్తాడు. ఇంటి పక్కనే ల్యాబు ఉంది కదా అంటే వినడు. మొన్న పక్కన కూర్చున్న పెద్దాయనతో అంటున్నాడు, నేను వెనకే ఉన్నానని తెలియక.

"మా పాప చేతిలో పడితే భయం లేదు సార్. సొంత అక్క రక్తమే సరిగా లేదని పక్కన పెట్టి, మళ్లా తీస్తానన్న మనిషి. అంత కచ్చితం."

నేను ముందుకొచ్చి చెయ్యి చాపమన్నాను. చాపాడు.